కందనకాయ ఉన్న చేప: బొంతల జీవితం, వర్గీకరణ

1803లో లండన్‌లో ఒక పెద్ద గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడింది. అందులో 200 చేపల బొమ్మలు, వర్ణనలు ఉన్నాయి. అవి విశాఖపట్నం తీరంలో సేకరించినవి. రచయిత పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడు. పాముల మీద చేసిన పరిశోధన వల్ల ఆయన పేరు ఎక్కువమందికి తెలుసు. చేపల విషయంలో మాత్రం ఆయన ఒక మంచి పని చేశారు. వాటికి లాటిన్ పేర్లు పెట్టాలని తొందరపడలేదు. తీరంలో జనం ఏ చేపను ఏమని పిలుస్తారో విని, ఆ మాటనే తన చెవికి తోచిన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. ఆ పేర్లలో ‘బొంత’ ఉంది, ‘కున్నెసీ’ ఉంది.

33 ఏళ్ళ తర్వాత, 1836లో, పారిస్‌లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు అషీల్ వలాన్సియెన్ ఆ రెండో చేపకు శాస్త్రీయ నామం పెట్టారు. రస్సెల్ రాసిన మాటకే లాటిన్ తొడుగు తొడిగి ‘మ్యూజిల్ కున్నీసియస్’ అన్నారు. విశాఖ తీరంలో పలికిన ఒక మాట అలా ప్రపంచ జంతుశాస్త్రంలో స్థిరపడింది. ఈ సంగతి తెలుగువాళ్ళలో ఎక్కువమందికి తెలియకపోవడం విచారకరం.

బొంత, కత్తిపరిగె వంటి పేర్లతో తెలుగు తీరంలో అమ్ముడయ్యే ఈ చేపలన్నీ మ్యూజిలిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఇంగ్లీషులో వీటిని గ్రే ముల్లెట్ అంటారు. బూడిద, వెండి రంగులు కలిసిన ఒంటిని బట్టి ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులోనే రెడ్ ముల్లెట్ అని మరో చేప ఉంది. పేరు కలిసినా దీనికీ దానికీ దగ్గరి చుట్టరికం లేదు. అది గడ్డం కింద రెండు మీసాలతో ఇసుకను తడుముకుంటూ తిరిగే చేప. మన తీరంలో దాని బంధువులను గులివిందలు అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఒకే పేరు కింద కలిపేసిన రెండు కుటుంబాలను మన జాలర్లు మొదటి నుంచీ వేర్వేరు పేర్లతో పిలిచారు.

బయటి నుంచి చూస్తే అన్నీ ఒకటే

బొంతల కుటుంబంలో ఇప్పుడు గుర్తిస్తున్న జాతులు దాదాపు 80. ఉష్ణ, సమశీతోష్ణ మండలాల తీరాలన్నిటా ఉన్నాయి. ఇన్ని సముద్రాల్లో, ఇన్ని రకాల నీళ్ళలో బతికే చేపలు ఆకారంలో ఎంతో తేడా చూపాలి. ఇవి చూపవు. కండెలా గుండ్రంగా సాగిన ఒళ్ళు, పైన కాస్త చదునైన తల, చిన్న నోరు, పెద్ద పొలుసులు, చీలిన తోక. వీపు మీద రెండు రెక్కలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ముందు రెక్కలో నాలుగే నాలుగు గట్టి ముళ్ళు, వెనుక రెక్కలో మెత్తని ఊచలు. చాలా చేపలకు పక్కల వెంట స్పష్టంగా కనిపించే పార్శ్వ రేఖ వీటికి కనిపించదు. దానికి బదులు పొలుసుల మీద సన్నని గాడులు ఉంటాయి.

వర్గీకరణ శాస్త్రానికి ఇది పెద్ద ఇబ్బంది. ఒక చేపను మరో చేప నుంచి విడదీయాలంటే ముళ్ళు లెక్కపెట్టాలి, దంతాలు చూడాలి, రేఖ వెంట పొలుసులు ఎంచాలి. బొంతల్లో ముళ్ళ లెక్క దాదాపు అన్నిటికీ ఒకటే, దంతాలు ఉన్నాయో లేవో భూతద్దంతో వెతకాలి, రేఖ లేనే లేదు. అందుకే రెండు శతాబ్దాల పాటు ఈ కుటుంబానికి పేర్లు విపరీతంగా పెరిగాయి. ఒకే చేపకు ఐదారు పేర్లు వచ్చాయి. ఐదారు చేపలు ఒకే పేరు కింద దాక్కున్నాయి.

ఈ గందరగోళం ఎంత దూరం వెళ్ళిందో ఒక ఉదాహరణ చెబుతుంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికా మత్స్య శాస్త్రజ్ఞులు ‘క్వెరిమానా’ అని ఒక కొత్త ప్రజాతిని వర్ణించారు. వేలెడైనా లేని వెండి చేపలు. చూడటానికి బొంతల్లాగే ఉన్నాయి కానీ మలద్వారం వెనుక రెక్కలో మూడు ముళ్ళకు బదులు రెండే ఉన్నాయి. ముళ్ళ సంఖ్యలో తేడా అంటే ప్రజాతి స్థాయి తేడా అనుకున్నారు. తర్వాత తేలిందేమంటే అవి వేరే చేపలు కావు, బొంత పిల్లలు. ఆ వయసులో మొదటి మెత్తని ఊచ ఇంకా ముల్లుగా గట్టిపడలేదు, అంతే. పిల్లను తల్లి నుంచి వేరు చేసి వేరే ఇంటిపేరు పెట్టినట్లయింది. ప్రజాతి రద్దయింది కానీ ఆ మాట పూర్తిగా పోలేదు. సముద్రంలో వెండిలా మెరిసే ఆ పిల్ల దశను ఇప్పటికీ క్వెరిమానా దశ అని పిలిచేవారున్నారు.

తేడాలన్నీ లోపల

బయట ఇంత పోలిక ఉన్న కుటుంబాన్ని అర్థం చేసుకోవాలంటే నోరు తెరిచి, గొంతు దాటి, పొట్టలోకి వెళ్ళాలి. అక్కడ ఈ చేప నిజంగా అపురూపమైనది.

పులికాట్ సరస్సులోనో, గోదావరి సముద్రంలో కలిసే మొగలోనో నీరు పలుచగా ఉన్న చోట నిలబడి చూస్తే బొంతల గుంపు తల వంచి బురదను చప్పరిస్తూ సాగడం కనిపిస్తుంది. బురద మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది. కంటికి పసుపు, ఆకుపచ్చ కలిసిన జిగురులా కనిపించే ఆ పొరలో ఏకకణ నాచులు, కుళ్ళిన ఆకుల తునకలు, వాటిని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు ఉంటాయి. బొంత తిండి అదే. చేప ఆ పొరను ఇసుకతో సహా నోట్లోకి తీసుకుంటుంది. గొంతు పైభాగంలో దిండ్లలాంటి రెండు మెత్తని ఉబ్బులు ఉంటాయి, వాటికి ఎదురుగా మొప్పల వంపుల మీద దట్టమైన సన్నని ఊచలు ఉంటాయి. రెండూ కలిసి జల్లెడలా పనిచేస్తాయి. ముతక ఇసుకను చేప బయటికి ఉమ్మేస్తుంది. సన్నని ఇసుక, నాచు లోపలికి పోతాయి.

సన్నని ఇసుకను ఎందుకు మింగుతుంది అనే ప్రశ్నకు జవాబు తర్వాతి అవయవంలో ఉంది. బొంతకు కోడిలాగా కందనకాయ ఉంటుంది. జీర్ణాశయం చివరి భాగం దళసరి కండరంతో గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. డయాటమ్ అనే ఏకకణ నాచుకు చుట్టూ గాజులాంటి సిలికా గుల్ల ఉంటుంది. దాన్ని పగలగొడితే తప్ప లోపలి సారం అందదు. కోడి గులకరాళ్ళు మింగి గింజలను నూరుకున్నట్లే ఈ చేప ఇసుకతో ఆ గుల్లలను నూరుకుంటుంది. పక్షికీ చేపకూ ఒకే పని పడింది, రెండు శరీరాలూ విడివిడిగా ఒకే పనిముట్టును తయారు చేసుకున్నాయి. చేప శుభ్రం చేసే ఆడవాళ్ళ చేతికి ఈ గట్టి ఉండ తగలకుండా పోదు. తైవాన్‌లో దాన్ని ప్రత్యేకంగా వండుకుంటారు.

కందనకాయ తర్వాత పేగు. మాంసం తినే చేపకు పేగు పొట్టిగా ఉంటే చాలు. బొంత పేగు శరీరం కన్నా అనేక రెట్లు పొడవు, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. తక్కువ సారం ఉన్న తిండి నుంచి సాధ్యమైనంత పిండుకోవాలంటే అంత పొడవు కావాలి.

దీని ఫలితం పర్యావరణంలో చాలా పెద్దది. సముద్రంలో మనం తినే పెద్ద చేపల్లో ఎక్కువ భాగం వేటగాళ్ళు. నాచును చిన్న జీవి తింటుంది, దాన్ని చిన్న చేప, దాన్ని పెద్ద చేప. ప్రతి మెట్టు దగ్గరా శక్తిలో చాలా భాగం పోతుంది. బొంత ఆ మెట్లను దాటవేసి నాచును, కుళ్ళును నేరుగా మాంసంగా మారుస్తుంది. ఆ మాంసం మీద పండుగొప్ప ఆధారపడుతుంది, గూడబాతులు ఆధారపడతాయి, డాల్ఫిన్లు ఆధారపడతాయి. మొగల్లో, ఉప్పుటేళ్ళలో ఇంత సాంద్రంగా చేప ఉండటానికి బొంత తిండి అలవాటు ఒక ముఖ్య కారణం. రొయ్యల చెరువుల్లో అడుగున పేరుకునే వ్యర్థాలను తినే తోడు చేపగా దీన్ని సిఫారసు చేయడం కూడా ఇందుకే.

గొంతులోని ఆ అవయవానికి మరో ఉపయోగం ఉందని ఒక ప్రతిపాదన ఉంది. బొంతలు నీటిపైకి ఎగరడం అందరికీ తెలుసు. వేటగాడి నుంచి తప్పించుకునే ఎగురు వేరు, అది గుంపుగా, వేగంగా, సూటిగా ఉంటుంది. దాంతో సంబంధం లేకుండా ఒంటరిగా, నెమ్మదిగా, పక్కకు ఒరిగి పడే ఎగురు ఇంకొకటి ఉంది. 1985లో వచ్చిన ఒక పరిశోధన ఆ రెండో ఎగురుకు ప్రాణవాయువుతో ముడిపెట్టింది. బురద నీటిలో ప్రాణవాయువు తక్కువ. పైకి ఎగిరినప్పుడు చేప గొంతు పైఅరలో కొంత గాలి నింపుకుని కిందికి తీసుకుపోతుందని, బురదలో తల దూర్చి తినే సమయంలో ఆ గాలి అక్కరకు వస్తుందని ఆ వాదన. నీటిలో ప్రాణవాయువు తగ్గిన చోట ఎగురుళ్ళు పెరగడం దానికి బలమిస్తుంది. ఏ కారణంతో ఎగిరినా జాలరికి మాత్రం ఇది సవాలే. మధ్యధరా తీరాల్లో నిలువు వల వెనుక నీటి మీద మరో వలను పందిరిలా పరిచేది ఎగిరి దాటే బొంతలను పట్టడానికే.

రెండు నీళ్ళ బతుకు

ఈ కుటుంబంలో అన్నిటికన్నా బాగా తెలిసినది మ్యూజిల్ సెఫాలస్. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన పేరు. మీటరు దాటి పెరగగలదు, మార్కెట్లో మాత్రం మూర పొడవు చేపే ఎక్కువగా కనిపిస్తుంది. కంటి మీద జిడ్డు గాజులాంటి దళసరి కొవ్వు రెప్ప ఉంటుంది. మధ్యలో నిలువు చీలిక తప్ప కన్నంతా దాని కిందే. ఈ లక్షణంతో దీన్ని చాలా బంధువుల నుంచి వేరు చేయవచ్చు.

దీని జీవితం రెండు నీళ్ళ మధ్య సాగుతుంది. గుడ్లు పెట్టేది సముద్రంలో. పెరిగేది మొగల్లో, ఉప్పుటేళ్ళలో, సరస్సుల్లో, ఒక్కోసారి నది మంచినీటిలో. పులసకు ఇది సరిగ్గా తిరగబడిన దారి. పులస సముద్రంలో పెరిగి గుడ్ల కోసం గోదావరి ఎక్కుతుంది. బొంత లోపల పెరిగి గుడ్ల కోసం సముద్రంలోకి దిగుతుంది.

రెండు నుంచి నాలుగేళ్ళ వయసులో బొంత ఈడుకు వస్తుంది. చలికాలం ముందు సరస్సుల్లో చేపలు గుంపులు కట్టి మొగ వైపు కదులుతాయి. చిలికా సరస్సులో ఒడిశా జాలర్లు దీన్ని ఖైంగా అంటారు. అక్కడ అక్టోబరు నుంచి జనవరి దాకా ఈ ప్రయాణం సాగుతుంది. ఒక్కో ఆడచేప లక్షల గుడ్లు పెడుతుంది, పెద్ద చేపల్లో ఆ లెక్క ఇరవై లక్షలు దాటవచ్చు. గుడ్డు మిల్లీమీటరు కన్నా కాస్త చిన్నది, లోపల ఒకే నూనె బొట్టుతో నీటిలో తేలుతుంది. నీటి వేడిని బట్టి దాదాపు రెండు రోజుల్లో పొదుగుతుంది. పిల్ల మొదట్లో సముద్రపు సూక్ష్మ జంతువులను తింటుంది. అంటే పుట్టుకతో అది శాకాహారి కాదు. రెండు, మూడు సెంటీమీటర్ల పొడవు వచ్చేసరికి పోటుతో పాటు మొగలోకి ప్రవేశిస్తుంది. అక్కడ తిండి మారుతుంది, పేగు సాగుతుంది, కందనకాయ గట్టిపడుతుంది.

ఉప్పు తట్టుకునే శక్తి కూడా వయసుతో వస్తుంది. పిల్ల నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల మధ్యకు వచ్చాక మంచినీటి నుంచి పూర్తి సముద్రపు నీటి దాకా దేనిలోనైనా తన రక్తంలోని లవణాన్ని అదుపులో ఉంచుకోగలదు. ఎండకు ఆవిరై సముద్రం కన్నా ఉప్పెక్కిన మడుగుల్లో కూడా పెద్ద బొంతలు బతుకుతాయి.

ఒక చేప ఏ నీటిలో ఎన్నాళ్ళు గడిపిందో దాని చెవిరాయి చెబుతుంది. తల లోపల సమతుల్యతకు పనికివచ్చే ఈ సున్నపు రాయి చెట్టు కాండంలాగా ఏటేటా వలయాలుగా పెరుగుతుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం ఎక్కువ, మంచినీటిలో తక్కువ. వలయం వలయంగా దాన్ని కొలిస్తే చేప ప్రయాణం తెలుస్తుంది. తైవాన్‌లో ఈ పద్ధతితో చూసినప్పుడు ఒకే పేరున్న బొంతల్లో కొన్ని నదిలోకి వెళ్ళివచ్చినట్లు, మరికొన్ని ఆ మంచినీటిని ఎరగకుండానే పెరిగినట్లు బయటపడింది. ఒకే జాతిలో ఇన్ని జీవన మార్గాలు ఉన్నాయంటే అది నిజంగా ఒకే జాతేనా అనే అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఈ కుటుంబంలో సముద్రం అవసరం లేనివీ ఉన్నాయి. గంగ, బ్రహ్మపుత్ర నదుల్లో బతికే కొర్సులా అందుకు మంచి ఉదాహరణ. దాని కళ్ళు తల పైకి పొడుచుకుని ఉంటాయి. గుంపుగా ఈదుతున్నప్పుడు నీటి మీద కళ్ళ జతలు మాత్రమే వరుసగా సాగుతుంటాయి. బెంగాల్ తీరపు జనం పిలిచే పేరునే స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దానికి శాస్త్రీయ నామంగా ఇచ్చారు.

చుట్టాలెవరు?

బొంతల కుటుంబాన్ని చేపల మహావృక్షంలో ఏ కొమ్మ మీద కూర్చోబెట్టాలి అనే వాదన వందేళ్ళకు పైగా నడిచింది. దూరంగా ఉన్న రెండు వీపు రెక్కలు, ఒంటి మధ్య వైపు జరిగిన పొట్ట రెక్కలు చూసి 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు వీటిని బరాకుడాలు అనే పొడవాటి వేట చేపలతో, సిల్వర్‌సైడ్ అనే చిన్న వెండి చేపలతో ఒకే గుంపులో పెట్టారు. మాగలను కూడా పక్కనే ఉంచేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం బొంతలు, బరాకుడాలు, మాగలు పెర్కిఫార్మిస్ అనే అతిపెద్ద క్రమంలో దగ్గర దగ్గరగా ఉండేవి. ఆ క్రమం నిజానికి ఎక్కడ పెట్టాలో తెలియని చేపలన్నిటికీ గోదాములా ఉపయోగపడింది.

బరాకుడా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. రస్సెల్ విశాఖలో ‘జెల్లో’ అని రాసుకున్న చేపకే 1829లో స్ఫైరినా జెల్లో అనే పేరు వచ్చింది. అదీ బరాకుడానే. ఒకే తీరంలో, ఒకే మనిషి చెవిన పడిన రెండు పేర్లు రెండు కుటుంబాల్లో స్థిరపడ్డాయి. శాస్త్రం ఆ కుటుంబాలను చాలాకాలం చుట్టాలుగా చూసింది, తర్వాత విడదీసింది.

1990 నాటికి ఎముకల, మొప్పల నిర్మాణాన్ని నిశితంగా పోల్చిన పరిశోధనలు బొంతలు బరాకుడాల కన్నా సిల్వర్‌సైడ్ల వైపే ఎక్కువ మొగ్గుతున్నాయని వాదించాయి. తర్వాత డీఎన్‌ఏ వచ్చింది. 2012లో ప్రచురితమైన జన్యు విశ్లేషణలు బరాకుడాలను పారల బంధువర్గం వైపు పంపించాయి. బొంతలు మాత్రం పూర్తిగా వేరే గుంపులో తేలాయి. ఆ గుంపు పేరు ఓవలెంటేరియా. సిల్వర్‌సైడ్లు, తిలాపియా వంటి సిక్లిడ్లు, పగడపు దిబ్బల డామ్సెల్ చేపలు, గప్పీలు అందులోని వాళ్ళే. కనుక పాత శాస్త్రజ్ఞులు సగం సరిగ్గానే చూశారు. సిల్వర్‌సైడ్ల విషయంలో వాళ్ళ కన్ను పొరబడలేదు.

ఆ గుంపు పేరుకు అర్థం అంటుకునే గుడ్లు కలవి అని. అందులోని చాలా చేపలు సన్నని పోగులున్న గుడ్లను రాళ్ళకో, ఆకులకో అంటించి పెడతాయి. బొంత గుడ్డుకు పోగులూ లేవు, అంటుకునే గుణమూ లేదు. నడి సముద్రంలో తేలిపోతుంది. బంధువర్గంలో చాలా చేపలు గుడ్లను ఒకచోట అంటించి పెడుతుంటే బొంత పూర్వికులు ఎప్పుడో ఆ ఆచారాన్ని వదులుకుని లక్షలకొద్దీ గుడ్లను ప్రవాహానికి అప్పగించే దారి పట్టి ఉండాలి. ఒక్క చోట కాపలా కాసే చేప ఆ ఒక్క చోటికే పరిమితమవుతుంది. గుడ్లను తేలనిచ్చిన చేప ప్రపంచ తీరాలన్నీ చుట్టింది. ఈ రెండో వాక్యం కొంత ఊహే అయినా, ఈ కుటుంబం ఇంత విస్తరించడానికి కారణం వెతికితే మొదట చూడవలసింది ఇక్కడే.

పేర్ల తిరుగుబాటు

కుటుంబం లోపలి కథ మరింత గజిబిజి. 1997లో ప్రపంచంలోని బొంతలన్నిటినీ సమీక్షించిన ఒక పరిశోధన అంతవరకు పెట్టిన రెండు వందలకు పైగా పేర్లను జల్లెడ పట్టి 14 ప్రజాతులు, 60కి పైగా జాతులు నిలుస్తాయని తేల్చింది. పై పెదవి అంచు, కంటి ముందు ఎముక వంపు, కొవ్వు రెప్ప వెడల్పు, రొమ్ము రెక్క మొదట్లో ఉండే పొడవాటి పొలుసు, జీర్ణాశయం చివర ఉండే తిత్తుల సంఖ్య వంటివి దానికి ఆధారాలు. మ్యూజిల్ సెఫాలస్‌కు ఆ తిత్తులు రెండే ఉంటాయి, కొన్ని బంధువులకు ఎక్కువ ఉంటాయి.

2012లో మైటోకాండ్రియా డీఎన్‌ఏతో చేసిన విశ్లేషణ ఆ అమరికను కుదిపేసింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ లైజా అనే ప్రజాతికి తగిలింది. హిందూ మహాసముద్రపు బొంతల్లో చాలా ఆ పేరుతోనే పుస్తకాల్లో ఉండేవి. నిజానికి లైజా ఒకే వంశం కాదని తేలింది. అట్లాంటిక్, మధ్యధరా వైపు లైజాలు కెలాన్ అనే ప్రజాతిలో కలిసిపోయాయి. మన వైపువి వేరే శాఖ. వాటికి 1945లో పెట్టి ఎవరూ పెద్దగా వాడని ప్లానిలైజా అనే పేరు తిరిగి ప్రాణం పోసుకుంది. పులికాట్, కాకినాడ, గోదావరి మొగల్లో దొరికే పెద్ద పొలుసుల మాక్రోలెపిస్, బంగారు మచ్చ ఉన్న పార్సియా, చదునైన తల ఉన్న టేడ్ ఇప్పుడు ఆ ప్రజాతిలోవి. పాత పరిశోధన పత్రాలు చదివే విద్యార్థి ఈ మార్పు తెలియకపోతే ఒకే చేపను రెండు చేపలనుకుంటాడు.

విశాఖ కున్నెసీ ప్రయాణం ఇంకా పొడవైనది. మ్యూజిల్‌గా పుట్టింది. తర్వాత వలాముజిల్ అయింది. కొందరి లెక్కలో మూల్‌గార్డా అయింది. ఇప్పుడు ఆస్టియోముజిల్. జంతు నామకరణ నియమాల ప్రకారం ప్రజాతి మారినా జాతి పేరు కొనసాగుతుంది. ఇంటిపేరు ఇన్నిసార్లు మారినా కున్నీసియస్ అలాగే ఉంది.

అసలు చిక్కు మ్యూజిల్ సెఫాలస్‌తో వచ్చింది. ఉత్తరాన 42 డిగ్రీల నుంచి దక్షిణాన 42 డిగ్రీల దాకా, అన్ని మహాసముద్రాల్లో ఒకే జాతి ఉందని రెండు శతాబ్దాలు నమ్మారు. చేపను పక్కపక్కనే పెట్టి చూస్తే అలా నమ్మక తప్పదు. కానీ జన్యువులు వేరే మాట చెప్పాయి. ఈ ఒక్క పేరు కింద డజనుకు పైగా వేర్వేరు వంశాలు ఉన్నాయి. 2011లో వాయువ్య పసిఫిక్ చేపల మీద జరిగిన పరిశోధన ఒక్క ఆ ప్రాంతంలోనే మూడు వంశాలను గుర్తించింది. అవి కొన్నిచోట్ల ఒకే తీరంలో కలిసి తిరుగుతున్నా ఒకదానితో ఒకటి కలిసి సంతానం కంటున్న ఆనవాళ్ళు లేవు. మంచుయుగాల్లో సముద్ర మట్టం దిగినప్పుడు జలసంధులు మూసుకుపోయి, చేపల గుంపులు విడిపోయి, నీరు తిరిగి పెరిగాక కలిసినా మళ్ళీ ఒకటి కాలేకపోయాయి. జాతికి మనం చెప్పుకునే నిర్వచనం అదే.

వీటన్నిటికీ విడివిడిగా పేర్లు పెట్టాల్సిన రోజు వస్తే లిన్నేయస్ పేరు యూరప్ వైపు చేపకు మిగులుతుంది, ఎందుకంటే ఆయన వర్ణించింది దాన్నే. బంగాళాఖాతపు చేపకు ఇంకో పేరు కావాలి. నియమం ప్రకారం కొత్తగా పెట్టడానికి ముందు గతంలో ఎవరో పెట్టి, చెల్లదని పక్కన పడేసిన పేర్లలో అన్నిటికన్నా పాతది వెతకాలి. ఆ పాత పేర్ల కోసం పాత బొమ్మలు, పాత నమూనాలు తిరగేయాలి. విశాఖలో సేకరించిన చేపల బొమ్మలకు ఇంకా విలువ ఉందనడానికి ఇది చాలు.

పేరు తప్పితే ఏమవుతుంది?

ఇదంతా ప్రయోగశాలల గొడవ అనుకోవడం పొరపాటు. బొంత మీద పెద్ద వ్యాపారం ఉంది. ఎండబెట్టిన దీని జనను (గుడ్ల సంచిని) ఇటలీలో బొత్తార్గా అంటారు, జపాన్‌లో కరసుమి అంటారు, ఈజిప్టులో బతారెఖ్ అంటారు. పెంపకంలో ఈజిప్టుది ప్రపంచంలోనే మొదటి స్థానం, అక్కడి చెరువులు ఎక్కువగా సహజ పిల్లల మీద ఆధారపడినవి. ఒక తీరంలో పట్టిన పిల్లల్లో రెండు మూడు జాతులు కలిసి ఉంటే, వాటిలో ఒకటి గుప్పెడు పెరిగి ఆగిపోయేది అయితే, చెరువు వేసిన రైతుకు ఏడాది తర్వాత కానీ తెలియదు. రెండు సెంటీమీటర్ల పిల్లను చూసి జాతి చెప్పడం ఎంత కష్టమో క్వెరిమానా కథ ముందే చెప్పింది.

పిల్లను చెరువులోనే పుట్టించే ప్రయత్నాలు 1960లలో తైవాన్‌లో హార్మోన్ సూదులతో మొదలయ్యాయి. మన దేశంలో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ బందీగా పెంచిన బొంతల చేత గుడ్లు పెట్టించింది. కందనకాయ, పొడవాటి పేగు ఇంకా తయారు కాని పిల్లకు సూక్ష్మ జంతువులను తిండిగా అందించాలి, తర్వాత సరైన రోజున తిండి మార్చాలి. ఇక్కడ జీవశాస్త్రం తెలియకుండా వేసే అడుగు ప్రతిదీ ఖర్చే.

కావాలని ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్ళిన కథ కూడా ఉంది. 1930 నుంచి 1934 దాకా సోవియట్ యూనియన్ నల్ల సముద్రం నుంచి బొంత పిల్లలను కాస్పియన్ సముద్రానికి తరలించింది. వాటిలో రెండు జాతులు అక్కడ నిలదొక్కుకున్నాయి. ఇరాన్ తీరంలో ఇప్పుడు అవి ముఖ్యమైన వేట. మరో రెండు, మూడు జాతులను అదే ఆశతో వదిలి ఉంటే అంతే ఫలితం వచ్చేదని ఎవరూ చెప్పలేరు. ఒక్కో జాతి ఉప్పును, చలిని భరించే తీరు వేరు.

మన తీరంలో ఈ విషయం క్యాలెండర్‌తో ముడిపడి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని దాన్ని పెట్టారు. చాలా చేపలకు అది నిజం. మ్యూజిల్ సెఫాలస్ గుడ్లు పెట్టేది చలికాలంలో. నిండు జనతో సరస్సు నుంచి సముద్రానికి వెళ్ళే బొంతలు మొగ దగ్గరి వలలకు చిక్కే రోజుల్లో ఏ నిషేధమూ లేదు. ప్లానిలైజాల కాలం జాతిని బట్టి మారుతుంది. అన్నిటినీ బొంత అని ఒకే గంపలో తూచినంతకాలం ఏ జాతి ఎప్పుడు తగ్గుతోందో తూకం చెప్పదు.

మొగ విషయం అంతకన్నా తొందర చేయవలసినది. పులికాట్‌కు ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్న రాయదొరువు, తూపిలిపాలెం మొగలు ఇసుక మేటలతో పదే పదే పూడిపోతున్నాయి. చిలికాలో కూడా ఒకప్పుడు అదే పరిస్థితి. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక అక్కడ చేపల దిగుబడి గట్టిగా పుంజుకుంది. పులికాట్ మొగలు తవ్వే పని ఎప్పుడు చేపట్టినా బొంత అడిగే షరతులు రెండు. అక్టోబరులో పెద్ద చేప బయటికి పోవడానికి నీరు ఉండాలి. ఆ తర్వాత నెలల్లో రెండు సెంటీమీటర్ల పిల్ల పోటుతో లోపలికి రావడానికి ఆ దారి అలాగే తెరిచి ఉండాలి.